సాకెట్ ద్వారా లాగ్ పంపుతుంటే సందేశాలు మధ్యలో ఎందుకు పోతున్నాయి?

నాలుగు శాఖల్లోని కంప్యూటర్ల నుంచి పైథాన్ సాకెట్‌హ్యాండ్లర్ అనే భాగం ద్వారా ఒకే సర్వరుకు లాగ్ (ప్రోగ్రాము తన పనిని నమోదు చేసే వాక్యాలు) పంపుతున్నామనీ, లైను పోయి వచ్చినప్పుడల్లా కొన్ని వాక్యాలు అందడం లేదనీ, ఎక్కడా ఎర్రర్ కూడా కనిపించడం లేదనీ రాశారు. అది డేటా పంపడానికి వాడే టీసీపీ పద్ధతిని వదిలి యూడీపీ అనే మరో పద్ధతికి మారితే బాగుపడుతుందా అని అడిగారు. బాగుపడదు. యూడీపీలో పోయిన ప్యాకెట్టును మళ్ళీ పంపే ఏర్పాటే లేదు కనుక నష్టం పెరుగుతుంది.

నేను పర్లాకిమిడిలో ఉంటూ కాశీనగరం, గుణుపురం వైపు రైసుమిల్లుల కాటాలకు ప్రోగ్రాములు రాసి ఇస్తుంటాను. లారీ కాటా ఎక్కిన ప్రతిసారీ ఒక లాగ్ వాక్యం బరంపురంలోని సర్వరుకు చేరేలా మీలాగే సాకెట్‌హ్యాండ్లర్‌తోనే ఏర్పాటు చేశాను. ధాన్యం కొనుగోళ్ళు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక మిల్లు యజమాని, మధ్యాహ్నం అరగంటసేపు సర్వరులో ఒక్క వాక్యమూ లేదు కాబట్టి ఆ సమయంలో కాటా నడవలేదని తేల్చుకొని, గుమాస్తాను అందరి ముందూ నిలదీశాడు. కాటా నడుస్తూనే ఉంది; పోయినది ఇంటర్నెట్ లైను. ఆ మాట పడవలసినవాణ్ణి నిజానికి నేను.

సర్వరు అందనప్పుడు సాకెట్‌హ్యాండ్లర్ మళ్ళీ ప్రయత్నించే ముందు 1 సెకను ఆగుతుంది, తరువాత 2, ఆపైన 4, ఇలా రెట్టింపు చేసుకుంటూ 30 సెకన్ల దాకా వెళ్తుంది. ఈలోగా వచ్చిన సందేశాలను అది దాచిపెట్టదు, చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. దీనికన్నా మోసకరమైనది మరొకటి ఉంది. లైను తెగిన తరువాత కూడా పంపే ఫంక్షను కొంతసేపు సఫలమైనట్టే తిరిగి వస్తుంది, ఎందుకంటే డేటా చేరినది మన కంప్యూటరు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం కేంద్రభాగం) బఫరులోకే, అంటే తాత్కాలిక నిల్వలోకే గాని అవతలి సర్వరుకు కాదు. లైనక్సులో మామూలు అమరికతో, జవాబు రాని కనెక్షను చచ్చిపోయిందని కెర్నెల్ ఒప్పుకోవడానికి సుమారు 15 నిమిషాలు పట్టవచ్చు. ఆలోగా లైను రాకపోతే బఫరులో ఉన్నదంతా పోయినట్టే.

క్యూహ్యాండ్లర్, క్యూలిజనర్ (లాగ్ వాక్యాలను వరుసలో నిలిపి విడిగా పంపే పైథాన్ భాగాలు) పెట్టుకోమని చాలామంది చెబుతారు. లాగ్ కోసం అసలు పని ఆగకుండా ఉండటానికి అవి మంచివే, నేనూ వాడుతున్నాను. కాని ఆ క్యూ ఉండేది మెమరీలో. సాయంత్రం కరెంటు పోతే దానితోపాటే పోతుంది. అందుచేత ఇప్పుడు నా ప్రోగ్రాము ప్రతి వాక్యాన్నీ ముందుగా అక్కడి డిస్కులోని ఫైలులో వరుస సంఖ్యతో రాస్తుంది. వేరే చిన్న ప్రోగ్రాము ఆ ఫైలును చదివి సాకెట్టులో పంపుతుంది, ఫలానా సంఖ్య దాకా డిస్కులో రాసుకున్నానని సర్వరు తిరిగి చెప్పిన తరువాతనే ఎంతవరకు పంపిందో తెలిపే తన గుర్తును ముందుకు జరుపుతుంది. ఆ జవాబు దారిలో పోతే అదే వాక్యం రెండోసారి వస్తుంది; యంత్రం పేరు, వరుస సంఖ్య కలిపి చూసి సర్వరు దాన్ని పక్కన పెడుతుంది.

సర్వరు వైపు ప్రోగ్రాము మీరే రాస్తున్నట్లయితే, టీసీపీ ఒక ప్రవాహమనీ, ఒకసారి చదివితే ఒక సందేశమే వస్తుందన్న హామీ ఏదీ లేదనీ గుర్తుంచుకోండి. సాకెట్‌హ్యాండ్లర్ ప్రతి సందేశానికి ముందు 4 బైట్లలో దాని పొడవును పంపుతుంది. ముందు ఆ 4 బైట్లు, తరువాత ఆ పొడవు చెప్పినన్ని బైట్లూ పూర్తిగా వచ్చేవరకు చదువుతూనే ఉండాలి. ఇక్కడ నేను ఒక వారం పోగొట్టుకున్నాను. అది మామూలుగా వాడే పికిల్ (పైథాన్ డేటాను బైట్లుగా మార్చే పద్ధతి) బదులు జేసన్ (డేటాను మామూలు వచనంగా రాసే పద్ధతి) పంపుతూ, పైథాన్ మన అక్షరాలను ఆస్కీ సంకేతాలుగా మార్చడం చూడటానికి వికారంగా ఉందని ఆ మార్పిడిని ఆపివేశాను, పొడవును మాత్రం అక్షరాల లెక్కలోనే వేశాను. ఇంగ్లీషు వాక్యాలు సక్రమంగా వెళ్ళాయి. ఒడియాలో రాసిన మొదటి రైతు పేరు రాగానే ఆ తరువాతిదంతా చెత్తయింది. యూటీఎఫ్-8లో ఒడియాకైనా తెలుగుకైనా ఒక్కో సంకేతానికి (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరుగా లెక్క) 3 బైట్లు. పర్లాకిమిడి అన్న మాటలో సంకేతాలు 11, బైట్లు 33. ముందు బైట్లలోకి మార్చి, ఆ తరువాతే పొడవు కొలవాలి.

పికిల్‌ను మానడానికి కారణం భద్రత. గుర్తు తెలియనివారు పంపిన పికిల్‌ను విప్పితే వారి కోడ్ మన సర్వరులో నడిచే అవకాశం ఉంది. ఈ లాగ్ అందుకునే 9020 పోర్టును బయటి ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచినట్లయితే, మిగతా మార్పుల కన్నా ముందు ఈరోజే దాన్ని మూసివేయండి.

మార్పులన్నీ చేశాక ఒకే కంప్యూటరులో రెండు ప్రోగ్రాములూ నడిపి సరిపోయిందనుకోవద్దు, అక్కడ లైను ఎప్పుడూ తెగదు. శాఖలోనే కేబులు పీకి ఓ ఇరవై నిమిషాలు పని చేయించండి, మధ్యలో ఒకసారి కరెంటు తీసివేయండి, తిరిగి అన్నీ కలిపాక సర్వరులో వరుస సంఖ్యల మధ్య ఖాళీ ఉందేమో చూడండి. ఉంటే ఆ సంఖ్య మీ స్థానిక ఫైలులో ఉందో లేదో ఇక్కడ రాయండి. తప్పు రాయడంలో ఉందో పంపడంలో ఉందో దాన్ని బట్టి చెప్పగలను.