లినక్స్ ప్రయోగాలపై మోజు, నిలవని ఏకాగ్రత: ఇది ఉద్యోగానికి దారి తీస్తుందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు ఏడీహెచ్‌డీ (శ్రద్ధను అదుపులో ఉంచుకోవడం కష్టమయ్యే స్థితి) ఉందని నిరుడు డాక్టర్ నిర్ధారించారు. లినక్స్ డిస్ట్రోలు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని రకరకాల రూపాలు) మార్చడంలో, సెట్టింగులు సవరించడంలో రాత్రిళ్లు గడిచిపోతున్నాయి. అసైన్‌మెంట్లు మాత్రం సగంలోనే ఆగిపోతున్నాయి. ఇవన్నీ మానేయమని ఇంట్లో అంటున్నారు. ఈ ఆసక్తి ఉద్యోగానికి పనికొస్తుందా?

సమాధానం: పనికొస్తుంది, మానేయనక్కర్లేదు. అయితే చేస్తున్న తీరు మారాలి. ఒక కాన్ఫిగరేషన్ ఫైలుతో గంటల తరబడి కుస్తీ పట్టగలిగిన మీరు అసైన్‌మెంటు ముందు పది నిమిషాలు కూర్చోలేకపోవడం బద్ధకం కాదు. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి శ్రద్ధ అసలే లేకపోవడం కాదు, దాన్ని కావలసిన చోటికి మళ్లించడం, అవసరమైనప్పుడు అక్కడి నుంచి వెనక్కి తీసుకోవడం కష్టమవుతుంది. కొత్తదనం, వెంటనే కనిపించే ఫలితం ఉన్న పని మిమ్మల్ని కట్టి ఉంచుతుంది. మూడు వారాల తర్వాత ఇవ్వాల్సిన రిపోర్టు ఉంచదు. ఈ మాట మీరు చెప్పడం కంటే డాక్టర్ చెబితే మీ తల్లిదండ్రులు సులువుగా అర్థం చేసుకుంటారు కాబట్టి, ఈసారి వారిని వెంట తీసుకువెళ్లండి. మందులు, థెరపీ గురించిన నిర్ణయాలూ అక్కడే జరగాలి.

బూట్ కాని, అంటే ఆన్ చేసినా మొదలుకాని సిస్టమ్‌ను లాగ్‌లు (లోపల జరిగినదంతా అది రాసుకునే ఫైళ్లు) చదివి దారికి తేవడం నిజమైన నైపుణ్యం. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు, పరికరాల్లో ఇమిడి ఉండే కంప్యూటర్లపై పనిచేసే ఎంబెడెడ్ లినక్స్ ఇంజినీర్లు దీనితోనే జీవనం సాగిస్తున్నారు. కానీ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయి, మరోసారి ఫార్మాట్ చేయగానే చెరిగిపోయే పనిని ఉద్యోగం ఇచ్చేవారికి చూపించలేరు. పదో డిస్ట్రో ఇన్‌స్టాల్ చేసినప్పుడు మీరు నేర్చుకునేది మొదటిసారి నేర్చుకున్నదానిలో చాలా చిన్న భాగమే.

అందుకే మీ ఉత్సాహాన్ని ఏదైనా ఒక ప్రాజెక్టుకు చేర్చండి. ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగలిగే సాఫ్ట్‌వేర్) పనిలో మీలాంటివారికి మేలు చేసే ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. లినక్స్ కెర్నెల్‌కు, అంటే ఆ వ్యవస్థ మూలభాగానికి పంపే ఒక్కో ప్యాచ్‌లో (కోడ్ సవరణలో) ఒక్క మార్పే ఉండాలన్నది అక్కడి నియమం. అంటే పెద్ద పనిని ముక్కలు చేసే భారం మీ ఒక్కరి సంకల్పం మీద పడదు, పద్ధతే ఆ పని చేయిస్తుంది. కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలోని బైసెక్ట్ అనే సదుపాయం చూడండి: ఒక బగ్ (లోపం) ఏ మార్పుతో వచ్చిందో తెలియనప్పుడు, అనుమానించదగిన మార్పులను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ, వెయ్యి మార్పుల్లోనైనా సుమారు పది పరీక్షలతో దోషిని పట్టిస్తుంది. ప్రతి అడుగులో వెంటనే ఔనో కాదో తేలిపోయే ఇలాంటి పని మీ స్వభావానికి బాగా నప్పుతుంది, పైగా ఇలా తేల్చిన బగ్ రిపోర్టును ఏ ప్రాజెక్టువారైనా విలువైనదిగానే చూస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, పంపిన ప్యాచ్‌ను మరొకరు చదివి మార్పులు అడుగుతారు. ఎదురుచూసే మనిషి ఉన్నప్పుడు పని పూర్తయ్యే అవకాశం పెరుగుతుంది. ఆ జవాబు రావడానికి ఒక్కోసారి వారాలు పట్టవచ్చు, ఆలోగా మీ ధ్యాస మరో చోటికి పోతుంది కాబట్టి, తర్వాత చేయవలసినది ఏమిటో ఆపిన రోజే రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి.

చదువుకునే కంప్యూటర్‌లోని సెట్టింగులను మాత్రం ముట్టుకోవద్దు. దానిలో డెబియన్ స్టేబుల్ వంటి నిలకడైన వ్యవస్థను ఉంచి, ప్రయోగాలన్నీ వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్‌లోనే నడిచే మరో నమూనా కంప్యూటర్‌లో), స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లగలిగేలా ఆ క్షణపు స్థితి నకలు) తీసుకున్నాకే చేయండి. అసైన్‌మెంట్లనూ గిట్‌లోనే పెట్టి, వాటికి కూడా చిన్న చిన్న కమిట్లు చేయండి, అంటే చేసిన కొద్ది మార్పులనే ఎప్పటికప్పుడు భద్రపరచండి. పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు మీ కళాశాలలో ఉన్నాయేమో విచారించండి. అడగడానికి సంకోచం అక్కర్లేదు.

రెండు మూడు ప్యాచ్‌లు ఆమోదం పొందాక, మీకు 18 ఏళ్లు నిండి ఉంటే, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు చేయవచ్చు. 2005లో మొదలైన ఈ కార్యక్రమంలో ఒక మెంటర్ పర్యవేక్షణలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పూర్తి చేసినవారికి స్టైపెండ్ ఇస్తారు. అక్కడ 350 గంటల ప్రాజెక్టులూ ఉంటాయి, 90 గంటలవీ ఉంటాయి. మొదటిసారి చిన్నదాన్నే ఎంచుకుని, పని మొదలుకాకముందే వారానికి ఒక సమావేశం ఉండాలని మెంటర్‌ను అడగండి.