నాలుగో తరగతి బాబుకి చదవడం రావట్లేదు, ట్యూషన్‌కి డబ్బుల్లేవు: స్కూలు మార్చాలా?

అక్కా, మీ ప్రశ్న చూశాను. బాబు ఊళ్లో ప్రైమరీ స్కూల్లో నాలుగో తరగతి, రెండో తరగతి తెలుగు పుస్తకం కూడా తడబడుతున్నాడు, బడిలో ఐదు తరగతులకీ కలిపి ఇద్దరే సార్లు, ఇంట్లోవాళ్లేమో దసరా సెలవులు అయిపోయాక అప్పు చేసైనా టౌన్లో ప్రైవేటు స్కూల్లో వేయమంటున్నారు, ఫ్రీగా ట్యూషన్ దొరికే దారేమైనా ఉందా అని అడిగారు. మాది భువనగిరి వైపు పల్లె. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మా పాప మూడో తరగతిలో అచ్చం ఇలాగే ఉండేది, ఇప్పుడు గురుకులంలో చదువుతోంది. నా మాటైతే ఈ సంవత్సరం మధ్యలో టౌన్ ప్రైవేటుకి మార్చొద్దు. ముందు చదవడం పట్టుబడాలి, ఆ తర్వాత ఐదుకో ఆరుకో పరీక్ష రాయించి మంచి చోటికి పంపొచ్చు.

టౌన్ వద్దనడానికి పెద్ద కారణం నవోదయ, అంటే ఆరో తరగతి నుంచి ఉండే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ స్కూలు. అందులో 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే. కానీ ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా పల్లె స్కూల్లోనే చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్కరోజు మున్సిపాలిటీలో ఉన్న స్కూల్లో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. టై, బెల్టు, వ్యాను చూసి నాలుగో తరగతిలో టౌన్‌కి మార్చిన మా వాడకట్టు వాళ్లకి ఈ సంగతి ఫారం నింపేరోజున తెలిసింది. మీ బాబు ఐదులోకి వచ్చాక అప్లై చేయాలి, పరీక్ష డిసెంబరు, జనవరి ప్రాంతంలో ఉంటుంది, ఐదో తరగతి ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా నవోదయకే రాయాలి, జీవితంలో ఒక్కసారే అవకాశం. పేపరు తెలుగులోనే రాయొచ్చు. 80 ప్రశ్నల్లో 40 బొమ్మల మీద బుర్రకు పని పెట్టేవే, మిగతావి లెక్కలు, భాష.

ఇద్దరే సార్లు అన్నారు కదా, అది మీ ఊరి ఖర్మ ఒక్కటే కాదు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారమే ప్రైమరీలో 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు. జనం వ్యాన్లెక్కి వెళ్లిపోయేకొద్దీ సార్లూ తగ్గుతారు, సార్లు తగ్గారని ఇంకొందరు వెళ్తారు. ఇప్పుడే మార్చక తప్పదనుకుంటే పక్క ఊళ్లో పిల్లలు ఎక్కువున్న ప్రభుత్వ బడి ఉందేమో చూడండి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఒక ప్రభుత్వ బడి నుంచి ఇంకో ప్రభుత్వ బడికి మారే హక్కు ఉంది, హెడ్‌మాస్టరు రికార్డు షీటు (టీసీ లాంటి కాగితం) వెంటనే ఇవ్వాలి, అది లేటయిందని అవతలి బడివాళ్లు 'మేం చేర్చుకోం' అనడానికి వీల్లేదు. రికార్డు షీటుతో పాటు ఆన్‌లైన్లో పాత బడివాళ్లు పేరు వదలాలి, లేకపోతే కొత్త బడిలో పేరు ఎక్కదు. మా ఆడపడుచు కొడుకుని ప్రైవేటు నుంచి సర్కారు బడికి తెచ్చినప్పుడు వ్యాను ఫీజు బాకీ ఉందని ఆ స్కూలువాళ్లు ఆన్‌లైన్లో పేరు పట్టుకుని కూర్చున్నారు. ఇక్కడి హెడ్‌మాస్టరు మంచాయన, చట్టం చూపించి ముందు చేర్చుకున్నాడు, తర్వాత ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి ఫోన్ వెళ్తే గానీ వాళ్లు వదల్లేదు.

ప్రైవేటులో 25 శాతం ఉచిత సీట్లని ఎవరో ఒకరు చెప్తారు. చట్టంలో ఉన్నమాట నిజమే, కానీ అది ఒకటో తరగతిలో, లేదా నర్సరీ ఉన్నచోట అక్కడ, చేరేవాళ్లకి. నాలుగో తరగతివాడికి దాంతో పనిలేదు.

ఇక చదవడం సంగతి. ముందు బాబు ఎక్కడ ఆగిపోతున్నాడో పట్టుకోవాలి. మా పాప పాఠం గడగడా చదివేది, కానీ వేలు ఒక లైన్లో ఉండేది, నోరు ఇంకో లైన్లో ఉండేది, అంతా కంఠస్థం. పేజీ మీద నోటుబుక్కు పెట్టి ఒక్క మాటే కనిపించేలా చూపిస్తే 'చెట్టు'ని 'చెటు' అనేది, 'అమ్మ' తప్ప ఒత్తున్న మాట ఏదొచ్చినా గుటకలు మింగేది. గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు, అంతే జబ్బు. ప్రథమ్ సంస్థ వాళ్ల అసర్ పరీక్ష కాగితం తెలుగులో ఉంది, నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది: అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. ఒక్క పేజీయే, మీరే కూర్చోబెట్టి చదివించొచ్చు. లెక్కలకి కూడా అలాగే ఉంటుంది, అంకెల నుంచి భాగహారం దాకా.

ఎక్కడ ఆగాడో తెలిశాక సార్ దగ్గరికి వెళ్లండి. 'మావాడికి ఏం రావట్లేదు' అనకండి, ఆ మాట ఆయన రోజూ వింటాడు. 'ఒత్తుల దగ్గర ఆగుతున్నాడు సార్, తొలిమెట్టులో ఏ స్థాయిలో పెట్టారు' అని అడగండి. తొలిమెట్టు అంటే 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకి మన తెలంగాణలో పెట్టిన కార్యక్రమం, చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రానివాళ్లని గుర్తించి నేర్పించడానికే. ఇలా అడిగాకే మా సార్ ప్రేయర్‌కి ముందు కాసేపు కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. డబ్బిస్తాను ట్యూషన్ చెప్పండి అని మాత్రం ఆయన్ని అడగొద్దు, బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని చట్టంలోనే ఉంది.

ఇంటి దగ్గర ఫ్రీ ట్యూషన్ అంటే నాకు దొరికింది మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి. సాయంత్రం గంట మా పాపతో కూర్చునేది, బదులుగా ఆమె జాకెట్లు, డ్రెస్సులు నేను కుట్టిచ్చేదాన్ని. మీకూ ఏదో ఒకటి ఇచ్చిపుచ్చుకోవడానికి ఉంటుంది. ఫోన్ ఉంటే పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌ని దీక్షా యాప్‌లో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి, మన ప్రభుత్వ పాఠాల ఛానల్ టీశాట్ విద్య పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. కానీ నిజం చెప్తున్నా, చదవడమే రానివాడికి వీడియో పెద్దగా పనిచేయదు, పక్కన మనిషి ఉండాలి. స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడినప్పుడల్లా నేను బోర్డులు చదివించేదాన్ని. చౌటుప్పల్, ఇబ్రహీంపట్నం, ఒత్తులకి ఇంతకంటే మంచి పుస్తకం లేదు, పైగా బస్సు కదిలేలోపు చదవాలి కాబట్టి పిల్లలకి అదో పంతం!

గురుకులం ఐదో తరగతి పరీక్ష మీకు అన్నిటికంటే దగ్గర్లో ఉంది. సాధారణంగా డిసెంబరు ప్రాంతంలో నోటిఫికేషన్, ఫిబ్రవరిలో పరీక్ష, నాలుగు చదివేవాళ్లే రాయాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ సొసైటీలన్నిటికీ ఒకటే పేపరు. 100 మార్కుల్లో తెలుగు 20, ఇంగ్లీషు 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లవే. హాస్టల్లో మొదటి రెండు నెలలు మాత్రం టెన్షన్ తప్పదు, ఆదివారం ఫోన్లో ఏడుపే. ఇది రాకపోతే ఆరులో మోడల్ స్కూలు ఉంది, దానికీ పరీక్షే. ఆడపిల్లలైతే కస్తూర్బా కూడా ఉంటుంది.

కుల, ఆదాయ సర్టిఫికెట్లకి ఇప్పుడే మీసేవలో పెట్టండి, నోటిఫికేషన్ వచ్చాక అక్కడ లైను ఎలా ఉంటుందో మీకు తెలుసు. బడి రికార్డులో బాబు పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో కూడా ఈ వారంలోనే చూసుకోండి. మా పాపకి బడిలో ఒక తేదీ, ఆధార్‌లో ఒక తేదీ ఉండి, అది సరిచేయించేసరికి అప్లికేషన్ గడువు దగ్గరికొచ్చేసింది.