కొబ్బరికాయ కొట్టి దేవుణ్ణి తిట్టాను, పాపమా?

ప్రశ్న: అమ్మా, మాది కవిటి దగ్గర పల్లె. మా ఆయనకి రెండేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్. 2018లో తిత్లీ తుఫానుకి మా కొబ్బరి తోట నేలకొరిగింది. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. పోయిన ఆదివారం తొలికాపు కాయ ఒకటి దింపించి, ఇంట్లో సూర్యనారాయణ స్వామి పటం ముందు కొట్టాను. నీళ్లు గిన్నెలో పడుతుంటే ఈయన అలా చూస్తూ ఉండిపోయారు. కొబ్బరినీళ్లు ఆయన తాగకూడదు. మంచినీళ్లే టీ గ్లాసుతో కొలిచి ఇస్తున్నాను. నాకేమైందో, "ఏటి సూస్తన్నావు సామీ, కళ్లు లేవా నీకు?" అని అరిచేశాను. మంగళవారం టెస్టులో క్రియాటినిన్ పెరిగింది. నా నోటి దురుసు వల్లే అని మా అత్త అంటోంది. నిజమేనా? దేవుడి గదిలోకి వెళ్లాలంటే భయంగా ఉంది.
- ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తల్లీ, ముందు ఆ టెస్టు సంగతి. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి బయటికి పంపాల్సిన వ్యర్థం. ఒక డయాలసిస్‌కీ ఇంకో డయాలసిస్‌కీ మధ్య అది ఎలాగూ పెరుగుతుంది. రక్తం ఏ రోజు తీశారన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. రెండు రిపోర్టులూ పట్టుకెళ్లి డాక్టర్‌ని అడుగు. నీ మాటకీ ఆ అంకెకీ సంబంధం లేదు. మీ కవిటి చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో వేల మందికి ఈ కిడ్నీ జబ్బుంది. నీళ్లు, మట్టి, ఎండలో చాకిరీ అన్నీ ఏళ్ల తరబడి పరీక్షిస్తున్నారు, ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. అంతమంది ఇళ్లలో ఆడవాళ్లు దేవుణ్ణి తిట్టారా ఏమిటి?

ఇక పాపం సంగతి. పుస్తకాల మాట తర్వాత, నాకు జరిగింది చెప్తాను.

మాది విజయనగరం. మా ఆయన పనిచేసే జూట్ మిల్లు లాకౌట్ అయినప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆ జీతం పాలకీ ఇంటద్దెకీ సరిపోయేది. ప్రతి మంగళవారం పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్లి, "అందరినీ చల్లగా చూడు తల్లీ" అని దణ్ణం పెట్టుకుని వచ్చేసేదాన్ని. పైకి ఆ మాట, లోపల వడ్డీ లెక్క. ఒక మంగళవారం మాత్రం, నా వెనక క్యూలో జనం ఉన్నారన్న స్పృహ కూడా లేకుండా, "పద్నాలుగు వేలు అప్పుందమ్మా. ఈ కాయ కూడా అరువు తెచ్చాను. నీ మీద కోపంగా ఉంది" అనేశాను. ఆ పద్నాలుగు వేలన్న మాట నా నోటివెంట రావడం అదే మొదటిసారి. మా ఆయనకి కూడా చెప్పలేదప్పటికి. ఆ రాత్రి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తను చేసిన అప్పు తనూ చెప్పాడు. మిల్లు తెరవలేదు. ఆయన వేరే పని చూసుకున్నాడు, అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. అమ్మవారు అద్భుతం చేసిందని నీకు చెప్పను. కానీ ఆ మంగళవారం తర్వాత గుడిలో నేను పైకి ఒకటి, లోపల ఒకటిగా నిలబడలేదు.

పైడితల్లి ఎవరనుకున్నావు? 1757లో బొబ్బిలి యుద్ధంలో తోబుట్టువు, విజయనగరం రాజు విజయరామరాజు పోయాడన్న కబురు విని, ఆ దుఃఖానికి తట్టుకోలేక ప్రాణం విడిచిన ఆడపడుచే ఆవిడ అని మా ఊళ్లో చెప్పుకుంటారు. దుఃఖంతో గుండె పగిలిన తల్లి దగ్గర నా ఏడుపుకి మర్యాదలేమిటని నాకు అనిపిస్తుంది.

పిల్లలకి గజేంద్రమోక్షం ఎన్నిసార్లు చెప్పానో. మొసలి నోట చిక్కిన ఏనుగు మొదట్లోనే "నువ్వే దిక్కు" అనలేదు. ఉన్నాడు ఉన్నాడంటారే, అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడింది. పోతన ఆ అనుమానాన్ని దాచలేదు, పద్యంలో పెట్టాడు. ఆ అనుమానం తర్వాతే ఒంట్లో ఓపిక లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు కదిలిపోతున్నాయి అని ఉన్నదున్నట్టు చెప్పుకుంది. అలాంటి మొర విని విష్ణువు లక్ష్మికి కూడా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. నువ్వన్నది ఆ ఏనుగు అన్నదానికంటే పెద్ద మాటేం కాదమ్మా.

కాబట్టి దేవుడి గదిలోకి వెళ్లు. రాని స్తోత్రాలు చదవకు. నీ సిక్కోలు మాటల్లోనే చెప్పు. ఈ రోజు ఎన్ని గ్లాసుల నీళ్లిచ్చావో, ఆస్పత్రికి ఆటోకి ఎంతయిందో, రాత్రి ఆయన నాలుక ఎలా ఎండిందో, నీకు ఎంత టెన్షన్‌గా ఉందో చెప్పు. కోపం వస్తే కోపమే చెప్పు. రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్తున్నాను. మొక్కు పేరుతో అప్పు చేయకు. ఎవరేం చెప్పినా, ఎంత మహిమగల చోటైనా, ఒక్క డయాలసిస్ కూడా మాన్పించకు.

ఇంకోటి. ఆయన చూస్తుండగా కొబ్బరికాయ కొట్టకు. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడికి వెళ్లినప్పుడు అక్కడ కొట్టు. ఇంట్లో ఒక పువ్వు పెడితే చాలు, ఆ స్వామికి కాయ తక్కువైందని కోపం రాదు. మీ అత్తగారిని కూడా ఆ పటం ముందు నీ పక్కన కూర్చోబెట్టుకో. కొడుకు గురించి ఆవిడ భయం ఆవిడకీ ఉంటుంది. దాన్ని నీ మీదకి తోసేసిందంతే.

నీ ఉత్తరంలో ఆయన్ని "మా ఆయన" అనే రాశావు. ఇంట్లో ఎలా పిలుస్తావో ఆ పిలుపుతోనే సామికి చెప్పు.