వార్తల బెంగ, అభిమానుల గ్రూపు

ప్రశ్న: ఎన్నికల వార్తలతో నిద్ర పట్టడం లేదు. నాకిష్టమైన సీరీస్ అభిమానుల గ్రూపులో ఉంటే ఊరటగా ఉంటోంది. ఇది పిరికితనమా?

జవాబు: కానే కాదండీ. కానీ గ్రూపులోనూ రాజకీయాలే దొర్లితే ఊరటెక్కడిది? మ్యూట్ పదాల సెట్టింగ్ (మీరిచ్చిన పదాలున్న పోస్టులను కనబడకుండా దాచేది) ఉంటే అందులో పార్టీల, నాయకుల పేర్లు చేర్చండి. పూర్తి పేరు, పొట్టి పేరు, హ్యాష్‌ట్యాగ్ విడివిడిగా, తెలుగులోనూ ఇంగ్లిష్ లిపిలోనూ. ఒక్క రూపమే పెడితే మిగతావి జారిపోతాయి. స్క్రీన్‌షాట్లలోని పేర్లు మాత్రం ఈ జల్లెడకు చిక్కవు.

వార్తలకు రోజుకు 20 నిమిషాలు చాలు, పడుకునే ముందు వద్దు. ఊరికే స్క్రోల్ చేసేకంటే ఏదైనా చేయండి: నలుగురూ ఫోన్లో ‘3, 2, 1’ అనుకుని పాత ఎపిసోడ్ ఒకేసారి మొదలుపెట్టండి. లేదా డ్రాబుల్ రాయండి. అంటే సరిగ్గా 100 పదాల కథ. 97 దగ్గర ఆగిపోయి మిగతా మూడింటి కోసం వెతుకుతుంటే టీవీ చర్చలు గుర్తుకే రావు!