సమీక్ష మొదలుపెట్టే ముందు

చి. సౌమ్యకు ఆశీస్సులు.

నీ సినాప్సిస్ చదివాను. ప్రజాసేవల్లో ప్రభుత్వమూ జనమూ కలిసి నడిపే పాలన మీద పరిశోధన ఎటు పోతోందో చూస్తానన్నావు, బాగుంది. కానీ పరిశోధనా పత్రాల డేటాబేస్ స్కోపస్‌లో ‘కొలాబరేటివ్ గవర్నెన్స్’ ఒక్కటే కొడితే మన ప్రాంతం దాదాపు కనిపించదమ్మా. ఇక్కడి పని మీద రాసినవాళ్లలో చాలామంది ఆ మాట వాడలేదు. 1997 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నీటి సంఘాల కోసం ‘పార్టిసిపేటరీ ఇరిగేషన్ మేనేజ్‌మెంట్’ అని వెతకాలి. ఉపాధి హామీ తనిఖీలైతే ‘సోషల్ ఆడిట్’, వన సంరక్షణ సమితులైతే ‘జాయింట్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్’. సేవను ప్రభుత్వమూ జనమూ కలిసి అందించడాన్ని చెప్పే ‘కో-ప్రొడక్షన్’ను ఇంగ్లిష్‌లో అడ్డగీతతో ఒకసారి, లేకుండా ఒకసారి కొట్టు.

ఇలా వల పెద్దది చేస్తే చెత్తా పడుతుంది. జల్లెడగా ఆన్సెల్, గాష్ అనే పరిశోధకులు 2008లో 137 ఉదంతాలు చూసి కొలాబరేటివ్ గవర్నెన్స్‌కు ఇచ్చిన నిర్వచనం పెట్టుకో. అందులో ఆరు షరతులున్నాయి: ప్రభుత్వ సంస్థ మొదలుపెట్టాలి, బయటివాళ్లు ఉండాలి, వాళ్లను సలహా అడిగి వదిలేయకుండా నిర్ణయంలో కూర్చోబెట్టాలి, వేదిక లాంఛనంగా ఏర్పడి అందరూ కలిసి కూర్చోవాలి, ఏకాభిప్రాయం కోసం ప్రయత్నించాలి, విషయం ప్రజా విధానమో నిర్వహణో కావాలి. ఎక్కువ పేపర్లు జారిపోయేది మూడోదాని దగ్గరే. సోషల్ ఆడిట్‌నే చూడు. మస్టర్లు (హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి కూలీలను అడుగుతారు, గ్రామసభలో చదివి వినిపిస్తారు, మండలంలో ప్రజావేదిక పెడతారు. దారితప్పిన సొమ్ము రాబట్టే రికవరీ ఉత్తర్వు మాత్రం అధికారిదే. అది జవాబుదారీతనం, ఉమ్మడి నిర్ణయం కాదు. నీటి సంఘానికి ఎన్నికైన అధ్యక్షుడుంటాడు, కాలవ మరమ్మతులు చేయిస్తాడు, కానీ నీటి తీరువా ఖరారు చేసేది ప్రభుత్వం. అక్కడ ‘పాక్షికం’ అని రాయి.

ఎక్సెల్‌లో షరతుకో కాలమ్, పక్కన ఆధారం దొరికిన పేజీ నంబరు. పేజీ రాయకపోతే ఆర్నెల్ల తర్వాత నీ గుర్తులు నీకే అర్థం కావు. మొదటి యాభై పేపర్లు నువ్వూ ఇంకొకరూ విడివిడిగా జల్లించి పోల్చుకోండి. తేడాలు ఒకే షరతు దగ్గర పోగుపడితే మీ వివరణే మసకగా ఉన్నట్టు, దాన్ని తిరగరాసి మళ్లీ మొదలుపెట్టండి.

పేపర్లలోని పదాల సంబంధాలను చుక్కలూ గీతలుగా గీసే సాఫ్ట్‌వేర్ వోస్‌వ్యూయర్, దాని బొమ్మలంటే అందరికీ మోజే. ఒకే పదం రెండు స్పెల్లింగుల్లో ఉంటే రెండు చుక్కలవుతుంది, అందుకే ముందు థిసారస్ ఫైల్‌లో (ఏ పదాన్ని ఏ పదంగా లెక్కించాలో చెప్పే జాబితాలో) కలుపు. సైటేషన్లను (ఒక పేపర్‌ను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో) మొత్తంగా కాక ఏడాదికి ఎన్నో లెక్కెయ్యి, లేకపోతే పాత పేపర్లే ఎప్పుడూ పైన కూర్చుంటాయి.

వెతికే పదాల జాబితా ఈ వారం పంపు. డౌన్‌లోడ్లు దాని తర్వాతే.