కారణం అన్న మాట దగ్గర కాస్త ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

సిస్టమిక్ స్క్లెరోసిస్ (చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు) గురించి నీవు రాసి పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. నడక సాఫీగా ఉంది, వైద్య పదాలను చూసి నీవు బెదరలేదు. నా పేచీ అంతా మొదటి పేరాలోని ఒక్క వాక్యంతోనే: "రోగనిరోధక శక్తి దెబ్బతినడమే ఈ వ్యాధికి కారణం." ఇల్లు ఎందుకు కాలిందని అడిగితే మంటల వల్ల అని జవాబు చెప్పినట్టుంది అది. పైగా శక్తి దెబ్బతిన్నదంటే తగ్గిపోయిందనుకుని పాఠకుడు దాన్ని పెంచే మందుల కోసం బయలుదేరతాడు. ఇక్కడ శక్తి తగ్గలేదు, గురి తప్పింది.

వ్యాధి ఎలా నడుస్తుందన్నది ఒక ప్రశ్న, ఎందుకు మొదలవుతుందన్నది వేరొకటి. మొదటిదానికి జవాబు చాలావరకు తెలుసు కనుక అక్కడి నుంచే, అదీ రోగి వేళ్ల దగ్గర నుంచే మొదలుపెట్టు. చల్లటి నీళ్లు తగలగానే వేళ్లు గీత గీసినట్టు ఒక కణుపు వరకు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలమై, వెచ్చబడ్డాక ఎర్రబారతాయి. ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో 1862లో వర్ణించిన ఈ లక్షణం చాలామందిలో చర్మం బిగుసుకోవడానికి ముందే, కొందరిలో ఏళ్ల ముందే కనిపిస్తుంది. గోరు మొదట్లో ఒక నూనె చుక్క వేసి సూక్ష్మదర్శినితో చూస్తే, హెయిర్‌పిన్నులు పేర్చినట్టు వరసగా ఉండవలసిన కేశనాళికల్లో కొన్ని ఉబ్బి, కొన్ని మాయమై, నడుమ ఖాళీలు తేలతాయి. రేనో లక్షణం ఉన్నవారిలో అత్యధికులకు ఈ వ్యాధి రానే రాదన్న మాట కూడా ఆ పక్కనే రాయి. లేకపోతే చలికి వేళ్లు పాలిపోయే ప్రతి మనిషికీ ఆ రాత్రి నిద్ర ఉండదు.

రక్తనాళాల లోపలి పొర గాయపడటం, రోగనిరోధక కణాలు అక్కడికి చేరడం, సొంత కణాల కేంద్రకంలోని ప్రొటీన్ల మీదికే యాంటీబాడీలు (రోగక్రిములను పట్టుకోవలసిన రక్షక ప్రొటీన్లు) తయారవడం, టీజీఎఫ్-బీటా వంటి రసాయన సంకేతాలతో ఫైబ్రోబ్లాస్టులనే కణాలు చర్మానికి బిగువునిచ్చే నార ప్రొటీన్ కొల్లాజెన్‌ను ఆపకుండా పోగుచేయడం, ఇవన్నీ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ సాగుతాయి. పుండు మానేటప్పుడు మచ్చ కట్టేదీ ఈ ఫైబ్రోబ్లాస్టులే. అక్కడ పని కాగానే తప్పుకుంటాయి, ఇక్కడ తప్పుకోవు. అందుకే చర్మంతో ఆగక ఊపిరితిత్తులు, అన్నవాహిక, మూత్రపిండాలు, గుండె కూడా గట్టిపడే ప్రమాదం ఉంది.

ఇక ఎందుకు అన్నది. నీవు వాడిన "వంశపారంపర్యం" తీసేయి. 2003లో 42 కవల జంటలను పరిశీలించినప్పుడు ఇద్దరికీ వ్యాధి ఉన్న జంటలు ఐదు శాతం లోపే. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లోనూ అంతకు మించలేదు. అయితే యాంటీబాడీలు మాత్రం అటువంటి కవలల్లో ఎక్కువగా ఇద్దరిలోనూ కనిపించాయి. అంటే జన్యువులు నేలను సిద్ధం చేస్తాయి, విత్తనం మరెక్కడి నుంచో రావాలి. ఆ నేల కొందరిలో మరింత అనువుగా ఉంటుంది: అమెరికాలోని ఓక్లహోమాలో చోక్టా అనే ఆదివాసీ తెగవారిలో వ్యాధి ఎక్కువగా కనిపించడంలో సొంతవేవో పరాయివేవో రోగనిరోధక వ్యవస్థ గుర్తించడానికి తోడ్పడే హెచ్ఎల్ఏ జన్యువుల పాత్ర బయటపడింది.

విత్తనాల్లో గట్టి సాక్ష్యం ఉన్నది సిలికా ధూళికి, అంటే రాళ్లు, ఇసుక పొడి అయినప్పుడు లేచే దుమ్ముకు. 1914లోనే ఎడిన్‌బరోలో వైద్యుడు బైరమ్ బ్రామ్‌వెల్ తన రోగుల్లో రాళ్లు చెక్కేవారు ఎక్కువగా ఉండటం గమనించాడు. 1957లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లోనూ ఇదే తేలింది. నీ వ్యాసంలో మాత్రం సిలికా, సిలికోన్ కలిసిపోయాయి. తెలుగులో రాస్తే చివరి అక్షరాలే తేడా, కానీ కథ పూర్తిగా వేరు. రొమ్ములో అమర్చే సిలికోన్ అనే కృత్రిమ పదార్థం వల్ల ఈ జబ్బు వస్తుందని అమెరికాలో కోర్టు కేసులు వెల్లువెత్తాయి. 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నిపుణుల సంఘం అందుకు ఆధారం లేదని చెప్పింది. 1981లో స్పెయిన్‌లో కల్తీ నూనె తిన్నవారి చర్మం గట్టిపడిన ఉదంతాన్నీ నీవు ఇందులో చేర్చావు. అది పోలికలున్న వేరే జబ్బు, అలాగే చెప్పు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది 2014 నాటి పరిశోధన. ఆర్ఎన్ఏ పాలిమరేజ్-3 అనే కణకేంద్రక ప్రొటీన్ మీద తయారైన యాంటీబాడీలతో పాటు క్యాన్సర్ కూడా ఉన్న కొందరి కణితుల్లో, ఆ ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువే మార్పు చెంది ఉంది. కణితి మీదికి లేచిన దాడి సొంత ప్రొటీన్ మీదికీ మళ్లి ఉండవచ్చు. "కొందరి" అన్న మాట జారిపోనీయకు. స్త్రీలలో ఈ వ్యాధి పురుషుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి హార్మోన్లను, గర్భంలోని బిడ్డ నుంచి తల్లి శరీరంలో మిగిలిపోయే కణాలను చూపే ఊహలు ఉన్నాయి. ఊహలనే రాయి.

ఇంత చాదస్తం ఎందుకంటే, ఒకప్పుడు నేనూ తప్పు రాశాను. మానసిక ఒత్తిడి వేళ్లు పాలిపోయే దాడిని రేపగలదన్న విషయాన్ని, ఒత్తిడి వ్యాధినే పుట్టిస్తుందన్నట్టు ముగించాను. వారం తిరగకుండా ఒక పాఠకురాలి కార్డు వచ్చింది, అందులో ఉన్నది ఒకటే వాక్యం: "అయితే ఇది నేను తెచ్చుకున్నదేనా?" జవాబు రాశాను గాని, ఆ వ్యాసం చదివి కార్డు రాయనివారికి ఏం చెప్పగలిగాను?

సవరించాక మళ్లీ పంపు. ఇది అంటువ్యాధి కాదన్న వాక్యాన్ని నీవు ఆఖరి పేరాలో పెట్టావు. దాన్ని మొదటి పేరాకు తీసుకురా.

శుభాకాంక్షలతో,
నీ పెద్ద మిత్రుడు