వెళ్లగొట్టబడిన మంత్రగాడి పగ కథ: ఆఫ్రికా నేపథ్యంలో సైన్స్ ఫాంటసీ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ హీరో మంత్రగాడు, రాజు వెళ్లగొట్టాడు, పగ తీర్చుకోడానికి తిరిగొస్తాడు, కథేమో "ఆఫ్రికాలో ఎక్కడో" జరుగుతుంది అన్నారు. ముందు ఆ "ఎక్కడో" తీసేసి ఒక చోటు పట్టుకోండి. మందుల కంపెనీ ఉద్యోగం మీద కొన్నేళ్లు మాలి రాజధాని బమాకోలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసిన మాండే నేల గురించే చెప్తాను. ఇప్పటి మాలి, గినీ దేశాల మధ్య ప్రాంతం అది.

అక్కడ వంశ చరిత్రలు పాడేవాళ్లను జెలీలంటారు. మా డ్రైవర్ ఇంట్లో బిడ్డకు పేరు పెట్టిన రోజు ఒక పెద్దాయన మాలి సామ్రాజ్యాన్ని స్థాపించిన సుండియాటా కథ పాడాడు. నడవలేని పిల్లాడు ఇనుప కడ్డీ ఊతంగా లేచి నిలబడతాడు. బాఓబాబ్ ఆకు కోసం తల్లి పడ్డ అవమానానికి ఏకంగా చెట్టునే పెకలించి తెచ్చి ఆమె ముందు పడేస్తాడు. (ఆ చెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే గోల్కొండ నయా ఖిలాలో హతియాన్ కా ఝాడ్ దగ్గరికి వెళ్లండి, అదే జాతి.) సవతి తల్లి పోరు పడలేక తల్లితో పరాయి రాజ్యాలు పట్టిపోతాడు. తిరిగొచ్చి 1235 ప్రాంతంలో కిరీనా యుద్ధంలో సోసో రాజు సుమావోరో కాంటేని ఓడిస్తాడు.

నన్ను మాత్రం ఆ ఓడినవాడే వదల్లేదు. సుమావోరో కమ్మరి వంశం వాడు, మహా మాంత్రికుడు. ఇనుము అతని ఒంటిని కోయలేదు. ఆ రహస్యం బయటపడ్డాక తెల్ల కోడిపుంజు కాలి ముల్లు కట్టిన బాణం తగిలి అతని శక్తి పోయింది. అప్పుడైనా చచ్చాడని చెప్పరు, కూలికోరో కొండలోకి వెళ్లి మాయమయ్యాడంటారు. బమాకోకి 60 కిలోమీటర్ల దూరంలో, నైజర్ నది ఒడ్డున ఉంది కూలికోరో ఊరు. మీ మంత్రగాడు అతని వంశంలో పుట్టినవాడైతే పగకు కారణం వేరే కల్పించక్కర్లేదు.

ఇక సైన్స్. దీనికోసం అంతరిక్ష నౌకలు తేకండి. మాండే సమాజంలో మంత్రమూ యంత్రమూ ఒకే చేతిలో ఉంటాయి, అది కమ్మరి చేయి. అక్కడ వాళ్లను నూములంటారు. బమాకోలో ఒక కొలిమి దగ్గర చాలాసార్లు నిలబడి చూశాను. కుర్రాడు రెండు మేకతోలు తిత్తుల్ని మార్చి మార్చి నొక్కుతుంటే, పెద్దాయన పాత లారీ స్ప్రింగు పట్టీని ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, పొట్టి పిడి పార చేసేవాడు. ఆ పార లేకపోతే జొన్న పండదు. పొలానికి పనిముట్లే కాదు, పూజకు మాస్కులు చెక్కేదీ, పిల్లలకు సున్తీ చేసేదీ సంప్రదాయంగా నూములే. అయినా పెద్ద వంశాలవాళ్లు వాళ్లతో వియ్యమందరు. అవసరం, భయం, దూరం మూడూ కలిసి ఉంటాయి. అంటే మీవాడు ఊరు దాటకముందే సగం వెలిలో ఉన్నాడన్నమాట.

వాళ్ల నమ్మకంలో ప్రతి ప్రాణిలో, ప్రతి పనిలో న్యామా అనే శక్తి ఉంటుంది. ఇనుము కరిగించినా, జంతువును చంపినా అది విడుదలవుతుంది. తట్టుకునే తర్ఫీదు లేనివాణ్ని దెబ్బతీస్తుంది. అందుకే వేటగాళ్లు చంపిన జంతువు న్యామా తమ మీద పడకుండా రక్షలు కట్టుకుంటారు. దీన్ని మీ లోకంలో భౌతిక నియమంగా పెట్టండి. కొలిమి దాన్ని పట్టి నిలవచేసే యంత్రం. మీవాడు చంపే ప్రతి శత్రువు న్యామా అతని ఒంటి మీదే పేరుకుంటుంది. ఎక్కడిదాకా మోయగలడన్నదే కథ.

పగకు చేతికందే లక్ష్యం కూడా ఉంది. సుమావోరో బాలఫోన్, అంటే చెక్క పలకల కింద సొరబుర్రలు కట్టిన వాద్యం, సోసో బాలా పేరుతో గినీలోని న్యాగసోలాలో నేటికీ ఉంది. కూయాటే వంశపు జెలీలు కాపాడుతున్నారు. 2001లో యునెస్కో గుర్తించింది కూడా. మీవాడి దృష్టిలో అది తన తాత సొత్తు, గెలిచినవాళ్ల పాటగాళ్ల చేతిలో ఉంది. మొదటి అధ్యాయంలోనే అతన్ని ఆ కాపలా ఇంటికి పంపండి.